పదమూడో ఏడు

తాళంచెవి చేతిల వెట్టే ముందు
ఖల్ఫాన్ కిరాయి సంగతి ఎత్తలే, చెట్టు సంగతి ఎత్తిండు.
కొమ్మ ఇరవొద్దు. మేకు కొట్టొద్దు. బట్టలకు తాడు గట్టొద్దు.
కాయిదంల గూడ ఉన్నదట, ఏడో వరుసల.
చెక్కులు నాలుగు, చెట్టు ఒక్కటి.
అన్నిటికీ తలకాయ ఊపిన.

షార్జాల పన్నెండేండ్లు నాది పై మంచం.
గంగమణిది రెండు సిగ్నళ్లు దాటినంక ఇంకో బిల్డింగుల,
ఏడుగురు ఆడోళ్ల నడుమ, పరదా సాటు మంచం.
శుక్రవారం శుక్రవారం
పార్కు బెంచీ మీద కాపురం జేసినం.

ఫలజ్ అల్ ముఅల్లా అంటే ఏమున్నది,
ఒక పెట్రోలు బంకు, మలబారీల చాయ్ హోటలు,
మసీదు, ఒంటెల దాణా దుకాణం.
ఆడికెల్లి అంతా చెట్లే.
అడవంటే మనకాడి లెక్క గుబురు గాదు.
ఒక చెట్టుకు ఇంకో చెట్టు చెయ్యందనంత దూరం నిలవడ్డది.
పొద్దువాలంగ మాత్రం
ఇసుక మీద నీడలు కలుస్తయి.

మొదటి రాత్రి ఫ్రిజ్జు ఆగినప్పుడల్లా
ఇద్దరం ఉలిక్కిపడ్డం.
గురకల్లేవు. నాలుగింటి అలారాల్లేవు.
నేను అంచుకే పండుకున్న,
ఇనుప కడ్డీ ఉన్నట్టే పట్టుకోని.
లేసేటప్పుడు తల వంచిన,
స్లాబు ఎంతో మీదికి ఉన్నా.

తెల్లారి ఫ్రిజ్జు తెరిస్తే
పెరుగు డబ్బ మీద, తొక్కు సీస మీద,
సగం కోసిన నిమ్మకాయ కవరు మీద
నల్ల మార్కరుతోని ఆమె పేరు.
"ఈడ ఎవ్వలు తింటరే నీది?" అన్న.
నవ్వింది. నవ్వాపింది.
కొంగుతోని సీస తుడువవట్టింది.
మార్కరు పోలే.

నాలుగో దినం చెట్టుకిందికి పోయి
ముల్లు సూసింది, కాయ ఇరిసి వాసన జూసింది,
రాలిన ఆకొకటి నాలిక మీద పెట్టుకున్నది.
"వీళ్లు గాఫ్ అంటరేమో గని, ఇది జమ్మయ్యా."
ఈ ఇసుకల జమ్మేందే అన్న.
"పన్నెండేండ్లు అడవులల్ల దిరిగి
పదమూడో ఏడు ఇంకొకలింట్ల తలదాసుకున్నోళ్లకు
ఏ చెట్టు దొరికిందో మర్సినవా?"

మర్వలే.
వాళ్లకు విల్లంబులు. నాకు పానలు, పైపు రెంచీలు,
తోటల మోటర్లు రిపేరు జేసే సంచి.
దాన్ని కొమ్మకు తగిలిద్దామని లేసిన,
ఏడో వరుస యాదికొచ్చి కూసున్న.

దసరానాడు గూడ డ్యూటీయే.
మాపటికి వచ్చేసరికి
రాలిన ఆకులే ఏరి పళ్లెంల పెట్టింది, ఒక్కటి తెంపలే.
ఖల్ఫాన్ చేతిల రెండు పెట్టి "బంగారం" అన్న,
అరబ్బీల గూడ జెప్పిన.
ముసలాయన ఆకును శానసేపు సూసిండు.
కరువు రోజులల్ల అమ్మ ఇదే ఆకు
చేపతోని కలిపి పెట్టేదన్నడు. ఒకటి నోట్లెసుకున్నడు.
నేను అలాయ్ బలాయ్‌కి భుజం ఇచ్చిన,
ఆయన వాళ్ల తీరుగ ముక్కు ఇచ్చిండు.
ముక్కు భుజానికి తాకి ఇద్దరం తడవడ్డం.
గంగమణి గోడకానుకోని
కండ్లల్ల నీళ్లొచ్చేదాంక నవ్వింది.
ఆ నవ్వును నేను పార్కుల ఎన్నడూ ఇనలే.

కాయిదం మీద ఆగస్టు ముప్పై ఒకటి అని ఉన్నది.
మీది ముచ్చట మీదికి.

మిగిలిన ఆకులు చిన్న డబ్బల వోసి
ఫ్రిజ్జుల పెట్టింది.
డబ్బ మీద ఏ పేరూ రాయలే.