గాజుగుడ్డల లెక్క

మారిసెల్ కెనడా పోతా పోతా
నా మంచం మీద పెట్టిపోయింది ఈ ఆట పెట్టెను.
రెండు రెక్కలు. కుడి కీలు పగిలి
ప్లాస్టర్ చుట్టుండాది, దానికే ఆపరేషన్ అయినట్టు.
గీసే పుల్ల ఎప్పుడో పోయింది.
కాటుక పుల్ల మొనతో కోస్తా.

ఫాహీల్‌లో రాత్రి డ్యూటీ దిగినాక
ఆరుగురం పడుకునే గదిలో, దుప్పటి కింద,
గుండె కోస్తా, కడుపు కోస్తా.
మా థియేటర్‌లో
టేబుల్ ఎత్తు దాటి నా చెయ్యి ఏనాడూ లేవలేదు.
ఇక్కడ కత్తి నాది.
బొమ్మ నర్సు నన్ను డాక్టర్ అంటాది.
పన్నెండేండ్ల కువైట్‌లో
ఓబులమ్మ పేరు పక్కన ఎవరూ ఏ మాటా పెట్టలేదు.

మంచి ఆటే, అబద్ధమెందుకు.
చెయ్యి వణికితే ఒప్పుకోదు.
కుట్టు వంకర పోతే బ్యాడ్ అని మొహానే చెప్తాది,
సూపర్‌వైజర్ మాదిరి జీతం కోసి చెప్పదు.
రాయచోటిలో జాకెట్లు కుట్టిన చెయ్యి నాది,
కుట్లలో ఎప్పుడూ ఫస్టే.
రోగి చచ్చిపోతే బటన్ నొక్కితే చాలు
మళ్లీ మొదట్నుంచి బతికుంటాడు.
ఇది మంచిదో చెడ్డదో నాకింకా తేలలేదు.

కానీ దీంట్లో ఒక పచ్చ మందు ఉండాది.
ముల్లు దిగినా అదే, గుండె చెడినా అదే.
రోంత పూస్తే తోలు మూసుకుంటాది.
రోగులకు మొహాలుండవు,
అరచేతి మందాన తోలు, అంతే.
మత్తులోకి జారే ముందు
ఎవరూ వాళ్లమ్మను పిలవరు.
సివిల్ ఐడీ గడువు దాటిందని
స్ట్రెచర్ వరండాలో ఆగదు.
గడియారం మాత్రం ఉరుకుతాది.
చీమలంత అక్షరాలు, నా చత్వారానికి అందవు.

ఇంకోటి.
గాజుగుడ్డలు లెక్కపెట్టరు.

పోయిన బేస్తవారం పరంజా మీంచి పడిన పిల్లోడు,
రాజలింగు, జగిత్యాల పక్కనంట.
కడుపు మూసేముందు సిస్టర్ లెక్క చూసింది.
ఇరవై ఇచ్చినారు. పందొమ్మిదే వచ్చినాయి.
మళ్లీ లెక్కపెట్టింది. పందొమ్మిదే.
పెద్ద డాక్టర్ చేతులు గాల్లో పెట్టి నిలబడిపోయినాడు.
మిషన్ ఒకటే కూస్తాంది.
నేను మోకాళ్ల మీద వంగి
బకెట్ వెనక, వైర్ల కింద, ఎవరిదో చెప్పు పక్కన వెతికినా.
టేబుల్ చక్రానికి అతుక్కోని ఉండాది ఇరవయ్యోది,
ఎర్రగా, ముద్దగా, ఇంకా వెచ్చగా.
గ్లౌజుతో ఎత్తి చూపించినా.
సిస్టర్ కాగితం మీద టిక్కు పెట్టింది.
కంటితోనే నేల చూపించింది.
తుడిచినా.

తెల్లారి గదికొచ్చి పెట్టె తెరిచినా.
కోసినా, కుట్టినా, పచ్చ మందు పూసినా.
ఎక్సలెంట్ డాక్టర్, అనింది బొమ్మ.
పుల్ల కిందికి లాగి లాగి చూసినా,
తెర అక్కడికే అయిపోయింది.
ఆ నెత్తురంతా యాడికి పోతాదో,
తుడిచేదెవరో,
ఆ లెవెల్ ఎవరూ తయారుచెయ్యలేదు.
చార్జర్ మారిసెల్ తీసకపోయింది.
ఎర్ర లైటు కొట్టుకుంటాంది.