ఏడో వరుసలో మచ్చ

బయట నలభై ఎనిమిది డిగ్రీలు.
లోపల తడిసిన గోనెపట్టా వాసన.
అల్ ఐన్ గాజుషెడ్డులో
ఫ్యాన్లు తిరిగినంత సేపే ఋతువు.

డాక్టర్ మైసూన్ టమాటా ఆకును వెనక్కి తిప్పి
సూది లేని సిరంజితో
తెగులు కలిపిన నీళ్లు ఒత్తుతుంది.
నూనె పడ్డ కాగితంలా
అంగుళం మేర ఆకు నల్లబడుతుంది.
"రెండు రోజులు చూడు, భోజన్నా."
ఆమె హిందీ, నా హిందీ
రెండూ అరువువే.

ఐదో వరుస మామూలు మొక్క.
ఆ రెండు రోజులూ పచ్చగానే ఉంటుంది,
ఏమీ ఎరగనట్టు.
వారానికి కొమ్మకొమ్మకీ చుక్కలు.

ఏడో వరుసలోకి మిరప నుంచి తెచ్చిన
ప్రొటీను ఒకటి దిగింది.
కణం కణంలో కునుకు తీయకుండా కూర్చుంటుంది.
తెగులు లోపలికి చాచిన చెయ్యి తగిలిందా,
ఆ కణం తలుపేసుకుని
తనే చచ్చిపోతుంది.
తెల్లారి చూస్తే గోధుమరంగు మచ్చ,
చొక్కా మీద బీడీ నిప్పు పడ్డంత.
అంతే. ఆకు బతికింది.

మచ్చ పడితేనే మంచిదని రాసుకోమంది.
తెలుగులో రాసుకున్నాను.

సాయంత్రం గేటు దగ్గర వేలిముద్ర మిషను
నన్ను గుర్తుపట్టదు.
బొటనవేలికి టమాటా పసరు నల్లగా పేరుకుని ఉంటుంది.
నిమ్మచెక్కతో రుద్ది, ప్యాంటుకు తుడిచి,
మూడోసారికి పచ్చలైటు.

లింబాద్రిని మొదటిసారే గుర్తుపట్టారు.
వీసా రెన్యువల్ ఎక్స్‌రేలో
కుడి ఊపిరితిత్తి మీద చిన్న మచ్చ.
పదిహేనేళ్లప్పుడు
ఆర్మూరు ఆస్పత్రి మాత్రలు ఆర్నెల్లు మింగి
మాన్పుకున్నది.
నాలుగు రోజుల్లో విమానం.
అతని మంచం మీద ఇప్పుడు
ఎవరో నేపాలీ పిల్లగాడు, ముడుచుకుని.

మైసూన్‌ను అడిగాను,
మానిపోయిన మచ్చను కూడా
ఆ ప్రొటీను పట్టుకుంటుందా అని.
లేదంది.
ఇప్పుడు లోపలున్న దొంగనే తప్ప
పాత ఆనవాళ్లు దానికి అక్కర్లేదట.
సిరంజి కడుగుతూ కాసేపాగి,
దానికొక తోడు ప్రొటీను కావాలి, అంది.
ఒంటరిగా దూరపు చెట్టులో పెడితే
చాలాసార్లు నోరు విప్పదు.

నిన్న మొదటి కాపు కోశాం.
తూకం, రంగు, పుచ్చులు, అన్నీ రాశాం.
వరుస చివర చెక్క మీద
లింబాద్రి మార్కర్‌తో గీసిన అంకె
ఆర్టీసీ బస్సుల నంబర్లు చూసి నేర్చుకున్న ౭.
ఇదేం గుర్తని ఆమె అడిగింది.

ఈ షెడ్డులో దాన్ని చదవగలిగింది
ఇక నేనొక్కణ్ణే.
చెరపలేదు.