శనివారం నుంచి శనివారం దాకా

మా పడవ పొట్టలో ఒకప్పుడు ద్రాక్షసారా పీపాలుండేవి.
ఇప్పుడక్కడ పది గదులు, పది తాళాలు,
తెల్లటి దుప్పట్లు,
తల వంచకపోతే నుదురు పగలగొట్టే దూలాలు.
వాన పడితే నాలుగో నంబరు గది చెక్క
ఇంకా పాత సారా వాసన వేస్తుంది.
అందులో పడుకున్నవాళ్ళు పొద్దున్నే
కారణం తెలియని నవ్వుతో బల్ల దగ్గరకొస్తారు.
వాళ్ళకి కాఫీ కొంచెం చిక్కగా పోస్తాను.

నేను వంటమనిషిని. పేరు నెవెన్కా.
పంతొమ్మిది వేసవులుగా ఈ పొయ్యి ముందు నిలబడి
దాల్మేషియా తీరాన్నంతా చూశాను,
జానెడు వెడల్పు గుండ్రటి కిటికీలోంచి.
దీవులే నడిచెళ్తాయి, నేను కదలను.
ఉల్లిపాయలు తరిగేలోపు ఒకటి,
చేప పొలుసు గీకేలోపు ఇంకొకటి.
పైన డెక్కు మీద కేకలు వినబడితే డాల్ఫిన్లని అర్థం.
పైకి వెళ్ళను. పులుసు అడుగంటుతుంది.

శనివారం కొత్త ముఖాలు ఎక్కుతాయి.
మర్నాటికి చెప్పులు విడుస్తారు,
ఇంకో రెండు రోజులకి గడియారాలు.
శుక్రవారం రాత్రి ఏడ్చినంత పనిచేసి
ఒకళ్ళ నంబర్లు ఒకళ్ళు రాసుకుంటారు.
ఏరు దాటాక తెప్ప సంగతి ఎవరికి తెలియదు?
నేనేమీ అనుకోను. మర్నాడు దుప్పట్లు ఉతకాలి.

బూర గాలి లేచిన రాత్రి మాత్రం
అందరూ నా వంటగది గుమ్మంలో చేరతారు, పిల్లికూనల్లా.
తలా ఒక బంగాళదుంప చేతిలో పెడతాను.
భయపడే చేతులు
తొక్క ఎంత పల్చగా తీస్తాయో!

దక్షిణపు దారిలో, మా దీవికి ఇవతల,
ఒక రాయి ఉంది. దీవి అనడానికి లేదు.
నాలుగు తుప్పలు, ఎవరు వదిలారో తెలియని మేక ఒకటి.
ప్రతి వారం ఎవరో ఒకరు వేలు చూపించి అడుగుతారు:
"కెప్టెన్, దాని పేరేంటి?"
యెర్కో ప్రతి వారం ఒక పేరు పుట్టిస్తాడు.
సన్యాసి టోపీ. దొంగల దిబ్బ.
ఒకసారి తాగిన మత్తులో వాళ్ళావిడ పేరు పెట్టాడు.
ఆ మాట రేవు చేరింది, ఆవిడ చెవినా పడింది.
రెండు వారాలు పడవలోనే పడుకున్నాడు,
నాలుగో నంబరు గదిలో.

మొన్న సెప్టెంబరులో హెడ్విగ్ అని ఒకావిడ,
మూడేళ్ళ కిందట వచ్చినావిడే,
చిన్న పుస్తకం తెరిచి చూపించింది:
"అప్పుడు మీరు వేరే పేరు చెప్పారు."
బల్ల చుట్టూ చెంచాలు ఆగాయి.
యెర్కో రొట్టె తుంచుతూ,
"అది అలలకి అరిగిపోయిందమ్మా" అన్నాడు.
ఆవిడ నమ్మలేదు. అయినా రాసుకుంది.

రాయికి పేరుంది.
మా దీవిలో పాలుతాగే పసివాళ్ళకి తప్ప అందరికీ తెలుసు.
పటంలో ఉన్నది అది కాదు.
పటం గీసినవాడు ఎవరిని అడిగాడో,
ఆ పూట వాళ్ళకి ఎంత ఒళ్ళు మండి ఉందో.
ఈతల ఒడ్డు అమ్మేశాం, గాడిదల దారి అమ్మేశాం,
అమ్మమ్మ అంజూరాలు ఎండబెట్టిన డాబా
రోజుకింతని అద్దెకిచ్చాం.
తప్పనడం లేదు, ఆ ఉప్పు తినే బతుకుతున్నాను.
ఈ ఒక్క మాటే
ధర కట్టకుండా మిగిలిపోయింది.
మీకూ చెప్పను.

అక్టోబరు ఆఖరి శనివారం, ఆఖరి పెట్టె దిగాక,
ముగ్గురమే వెనక్కి వస్తున్నాం,
యెర్కో, తాళ్ళు చుట్టే కుర్రాడు షిమే, నేను.
రాయి దగ్గర ఇంజను ఆగిపోయింది. ఆపేశాడు.
పడవ తన బరువు తనే వింటున్నట్టు ఊగింది.
ఆ పూట నేను పైకి వెళ్ళాను,
చేతులు కొంగున తుడుచుకుంటూ.

అతను రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టి
రాయిని దాని పేరుతో పిలిచాడు,
ఒక్కసారి.
మేక తలెత్తింది.
కాసేపటికి పేరు తిరిగొచ్చింది,
మొదటి అక్షరం లేకుండా.
అది రాయి ఉంచేసుకుంది.

షిమే బయటి ఊరివాడు, ఇంకా మీసం సరిగ్గా రాలేదు.
"ఏమన్నాడు?" అని నన్నడిగాడు.
ఉప్పు డబ్బా ఎక్కడుందో చూడమని
కిందికి పంపాను.