విలాసం

రెండు పేజీలు చాలన్నారు వరూధిని గారు.
పాలిటెక్నిక్ పిల్లల పుస్తకంలో ఆరో అధ్యాయానికి ముందుమాట:
ఫైలు చెరిపితే ఏమవుతుంది?
శుక్రవారానికి కావాలన్నారు.
ఏ శుక్రవారమో చెప్పలేదు, అదొక్కటే నా అదృష్టం.

ఆ రాత్రే రాసేశాను:
"చెరిపిన ఫైలు పోతుంది."
పొట్టిగా, ముద్దుగా ఉంది.
పక్కవాటాలో కుక్కరు మూడో కూత వేసేలోపు
అది నిజమేనా అని అనుమానం వచ్చింది.

తరమణిలో రైలెక్కి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని
ఫైలు వ్యవస్థల మాన్యువల్ చదివాను.
మందవెల్లి దాటాక డైరెక్టరీ అర్థమైంది.
తిరువల్లిక్కేణిలో ఐనోడ్ అర్థమైందనుకున్నాను,
చింతాద్రిపేటలో దిగేసరికి
గొడుగు లాగా దాన్ని రైల్లోనే మరిచిపోయాను.

రిచీ స్ట్రీట్‌లో మెట్ల కింద
ఏకాంబరం గారి కొట్టు, మనిషిన్నర పట్టేంత.
నక్షత్రం మూతి స్క్రూడ్రైవరుతో డిస్కు మూత విప్పి
అద్దం లాంటి పళ్ళాన్ని నా మొహానికి చూపించారు.
"పోలేదు మా.
విలాసం పోయింది, అంతే. ఇల్లు అట్నే ఉండాది.
ఇంకొకరు వచ్చి కాపురం పెట్టేదాకా ఉంటాది."

విలాసం.
ఆ మాటకి నాకు తెలిసిన అర్థం సొగసు, హొయలు.
మా అమ్మమ్మ మాత్రం
కార్డు మీద రాసేదాన్ని అలాగే అనేది.
ఆ అర్థాన్ని నేను చెరపలేదు,
దారే పోయింది.

ఇంటికొచ్చి మార్చాను: "చెరిపిన ఫైలు పోదు."
వరూధిని గారికి ఫోన్లో వినిపిస్తే మెచ్చుకున్నారు.
మర్నాడు ఏకాంబరం గారు తిరగని డిస్కొకటి విప్పారు.
పళ్ళెం లేదు, ముల్లు లేదు,
నల్ల చిప్పు, చింతగింజలా.
"దీన్లో పోతాది" అన్నారు.
ఎప్పుడు?
"దానికి తోచినప్పుడు."

ఆ తోచడం ఎప్పుడో తెలుసుకోవడానికి ఇరవై మూడు రోజులు.
నా పేరు వెయ్యిసార్లు రాసి చెరిపాను.
తిరిగేదాంట్లో వారం తర్వాతా ఉన్నాను.
చిప్పులో, కాఫీ చల్లారేలోపు అన్నీ సున్నాలు.
ప్లాట్‌ఫాం మీద కొన్న మూడోది
ఓ రోజు దాచింది, ఓ రోజు మింగింది,
ఎందుకో చెప్పలేదు.

వెతకడానికి ఒక గుర్తుంది:
తెలుగక్షరం ఎక్కడ పడ్డా మూడు బైట్లు,
మొదట ఈ-సున్నా, వెనకే బీ-సున్నానో బీ-ఒకటో.
పాత డిస్కులో ఆ గుర్తు పట్టుకుని పోతుంటే
నాది కాని తెలుగు తగిలింది.
ఎవరో, ఎప్పుడో, చెరిపేసిన ఉత్తరం:

"ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.
పోయినసారి రాసింది తీసేశాను. మళ్ళీ"

అక్కడితో ఆ బ్లాకు అయిపోయింది.
తర్వాతి బ్లాకు ఎక్కడుందో వెతకడం నాకు వచ్చు,
ఆ పాటికి బాగానే వచ్చు.
చెయ్యి మౌస్ మీద చాలాసేపు ఉంది.
వెతకలేదు.
ఆ రాత్రంతా డిస్కు మొత్తం సున్నాలు రాయించాను,
తెల్లవారి నాలుగింటిదాకా గిర్రుమంటూనే ఉంది.
మంచిపనో కాదో
ఇప్పటికీ తెలియదు.

చివరికి తేలింది పేజీన్నర.
మొదటి వాక్యం ఇది:
"చెరిపిన ఫైలు ఏమవుతుందన్నది
దాన్ని దేనిమీద రాశారన్నదాన్ని బట్టి ఉంటుంది."

"నలభై రోజులు చేసి ఇంత చప్పగానా?"
అన్నారు వరూధిని గారు.
ఏకాంబరం గారి కొట్టు, వెయ్యి పేర్లు,
ఆగిపోయిన ఆ "మళ్ళీ",
ఏవీ అందులో లేవు.
ఒక్క మాట మాత్రం ఉండనిచ్చాను.
దానికి ఎర్ర సున్నా చుట్టి,
పక్కన "చిరునామా" అని దిద్ది పంపారు.

కొట్టేసి,
మళ్ళీ విలాసం అనే రాశాను.