నాలుగో ఫీడరు

రాత్రి రెండుంబావు.
ముత్తుకూరు అవతల మా సబ్‌స్టేషన్‌లో
ఈ వేళప్పుడు ఫోను మోగిందంటే ఆ గొంతే.
పేరడిగితే చెప్పడు, ఎక్కడ కూచున్నాడో తెలీదు.
"ఫ్రీక్వెన్సీ పడిపోతోంది. రెండు మెగావాట్లు తీసెయ్యి."
పప్పులో మిరపకాయ తీసి పక్కన పెట్టమన్నట్టు.

కిటికీలోంచి చూస్తే పొగగొట్టాలు,
కొసన ఎర్రదీపాలు ఆరుతా వెలుగుతా.
సైకిలేసుకోని పోతే ఇరవై నిమిషాలు.
అక్కడ పుట్టిన కరెంటు
మా మిద్దెల మీదుగా, మా చేల మీదుగా
లావు తీగల్లో గుయ్యిమంటా ఎక్కడికో పోయి
ఎక్కడి నుంచో తిరిగి మాకొస్తుంది,
కేంద్రానికి పోసిన పాలు
నీళ్ల కాఫీ అయి తిరిగొచ్చినట్టు.

రేవు బయట ఓడ ఇంకా లంగరు మీదనే ఉంది.
ఆ బొగ్గు మాది కాదు,
సముద్రం అవతల ఎవరిదో అడివిని పెకలించి తవ్వింది.
అక్కడ వానొస్తే ఇక్కడ మసక.
అక్కడ రేటు పెరిగితే
ఇక్కడ ఒక యూనిట్టుకి జబ్బు చేస్తుంది.
సాయంత్రం టీవీలో కోటు తొడుక్కున్నాయన
ఇంధన భద్రత, ఇంధన భద్రత అని పదిసార్లన్నాడు.
నేను క్యారేజీ గిన్నె కడుగుతా విన్నాను.
భద్రత అంటే నాకు
మా నాయన ఉప్పు కొఠారే గుర్తొస్తుంది:
గుట్టపోసి తాటాకు కప్పితే
రెండు వానలు పోయినా ఉప్పు ఉప్పే.
కరెంటుకి తాటాకు లేదు.
పుట్టిన క్షణానే ఎవరో ఒకరు తినెయ్యాల.

నా ముందు నాలుగు ఫీడర్లు.
ఒకటి ఆస్పత్రి. దాని జోలికి పోగూడదు.
రెండోది ఊరు. ఉక్క, పసిబిడ్డలు,
ఇంకా ఒకరిద్దరు పెద్దమనుషుల ఏసీలు,
ఆ మాట ఎక్కడా రాసుండదు.
మూడోది వరి మోటార్లు, వాటికి పగలే ఇచ్చేశాం.
నాలుగోది రొయ్యల గుంటలు.
ఎప్పుడూ నాలుగోదే.

దాని చివర్న శీనయ్య.
కౌలుకి రెండెకరాలు, ఎనభై రోజుల పంట,
పట్టుబడికి ఇంకా వారం.
నీళ్లమీద చక్రాలు తిరుగుతా ఉంటే నిద్రపోతాడు,
చప్పుడు ఆగితే లేస్తాడు.
రూలు కాదు గానీ, మీట లాగేముందు ఫోన్ చేశాను.
"శీనన్నా, ఇంజను వేసుకో."
"ఎంతసేపబ్బా?"
"తెలీదు."
"డీజిలు రెండు లీటర్లుండాది," అన్నాడు.
ఆపైన ఏమీ అనలేదు.
ఆ డీజిలూ ఏదో ఓడ దిగొచ్చిందే గదా.

లాగాను.
తూర్పున గట్లమీద దీపాలు ఒక్కసారే పోయినాయి.
చాలాసేపటికి ఎక్కడో ఒక ఇంజను దగ్గింది. ఒక్కటే.
గాలందని రొయ్య పైకి తేలి
మీసాలతో నీటి అంచు తడుముతుందంట.
నేనెప్పుడూ చూడలేదు.
అది జరిగేటప్పుడు నేను ఇక్కడుంటాను.

లాగ్ బుక్కు: 2.19 నుంచి 3.27.
"కారణం" అనే గడి అగ్గిపెట్టెంత.
అందులో అడివి పట్టదు, ఓడ పట్టదు,
కోటాయన అసలే పట్టడు.
"పై ఆదేశం" అని రాశాను.
రోజూ రాసేదే, చెయ్యి దానంతటదే రాస్తుంది.

తెల్లారి గేటు కాడ మోపెడ్ ఆగింది.
శీనయ్య తిట్టలేదు.
నల్లకవరు ఒకటి గోడమీద పెట్టి
బండి తిప్పుకోని వెళ్లిపోయినాడు.
బరువుగా ఉంది. అడుగున తడి కారుతోంది.
ముడి విప్పబోతుంటే
లోపల ఫోను.