అరికాళ్ళ హాజరు

పొద్దున్నే వరండా ఊడుస్తుంది ఎర్నమ్మ.
పది గంటలకల్లా మళ్ళీ నల్లటి పొడి.
రేవులో దించిన బొగ్గు
గాలి ఎటు తోస్తే అటొచ్చి కూర్చుంటుంది,
కిటికీ చువ్వల మీద, మధ్యాహ్నం భోజనం గిన్నెల మీద,
నా కొంగు మీద.
జ్ఞానాపురంలో తెల్లచీర కట్టేది
మఠంలో సిస్టర్లూ,
పంతం పట్టిన నేనూ.

ఇరవై రెండేళ్ళు
ఆటల పీరియడ్‌ని ఎక్కాలకి మేపేశాను.
టైంటేబుల్లో దాని గడి ఉండేది,
విస్తరి వేసి వడ్డించని చోటులా.
"పదమూడో ఎక్కం రాందే గ్రౌండేంట్రా!" అనేదాన్ని.
గ్రౌండంటే ఏముంది గనక,
బోరింగుకీ ప్రహరీకీ మధ్య నలభై అడుగులు,
హుద్‌హుద్ నాడు కూలిన కానుగచెట్టు మొద్దు.

ఈ జూన్లో మూడో తరగతిని
పుస్తకాల కట్టలు మేడ మీదికి చేర్చమన్నాను.
పద్నాలుగు మెట్లు.
ఏడో మెట్టు మీదే కూలబడ్డారు నలుగురు,
మా నాయనమ్మలా మోకాళ్ళు పట్టుకుని.
నిండా ఎనిమిదేళ్ళు లేవు ఒక్కరికీ.
బొటనవేళ్ళు మాత్రం మహా చురుకు,
ఫోను అద్దం మీద జారీ జారీ.
ఆ రాత్రి నిద్ర పట్టక
పదమూడో ఎక్కం నాకు నేనే అప్పజెప్పుకున్నాను.
పదమూడు ఏడుల దగ్గర ఆగిపోయింది,
వాళ్ళలాగే.

మర్నాడు బూట్లన్నీ గుమ్మం దగ్గర విడిపించి
వరండా పొడుగునా సుద్దముక్కతో
తొక్కుడుబిళ్ళ గీశాను.
ముందు నేనే కుంటాను.
యాభై నాలుగేళ్ళ టీచరమ్మ
ఒంటికాలి మీద మూడు గళ్ళు దాటి
నాలుగోదాంట్లో గోడ పట్టుకుంది.
నవ్వారు. నవ్వనీ.
నవ్వడానికీ ఊపిరి కావాలి కదా.

ఏడుపెంకులకి పెంకులు ఎస్తేరు తెచ్చింది,
తాత ఇల్లు విప్పగా మిగిలినవి.
బంతి మస్తాన్‌ది, సగమే గాలి.
"ఒట్టు టీచరా, గీత మీదే ఉన్నాను!"
"అబద్దం! ఆడు దాటీసినాడు!"
"ప్రెజెంట్ టీచర్" తప్ప ఎరగని నాకు
ఇంతింత గొంతులు ఎక్కడ దాచారో
తెలీనే లేదు.

ఇంటిగంట ముందు ఇప్పుడు రెండో హాజరు.
బెంచీల మీద వరసగా కాళ్ళు చాపుతారు.
మడమదాకా మసైతే, పరుగు.
మునివేళ్ళకే అంటితే, దొంగాట, నక్కి నక్కి.
లోహిత్ కుడికాలు నలుపు, ఎడమకాలు తెలుపు:
ఒక్కసారైనా రెండోకాలు మోపకుండా
నిజాయితీగా కుంటాడన్నమాట.

జోజి అరికాళ్ళు మాత్రం తెల్లగా ఉంటాయి.
వాడికి ఉబ్బసం. జేబులో నీలం గొట్టం.
"పరిగెట్టనివ్వకండి టీచరు" అని
వాళ్ళమ్మ దండం పెట్టి వెళ్ళింది.
ఈల వాడికిచ్చాను.
కూత పట్టుబడని కోడిపిల్లలా ఊదాడు.
కళ్ళు మాత్రం పెంకుల మీదే.

నా హాజరు పట్టీకి సిరా ఏదో
వాడి ఊపిరికి విషమూ అదే.
ఈ ముక్క ఎవరికి రాయాలో తెలీక
ఎవరికో ఒకరికి రాస్తూనే ఉన్నాను.

చీటీ పట్టుకుని పెద్దాసుపత్రిలో
నేనూ వాళ్ళమ్మా పూటంతా నిలబడ్డాం.
"కూర్చోబెడితే ఊపిరి పెరగదమ్మా,
మెల్లగా నడవనివ్వండి, గొట్టం దగ్గరుంచండి,
దుమ్ము లేచిన రోజు తలుపులేసి లోపలే ఆడించండి"
అంది డాక్టరమ్మ, తలెత్తకుండానే.

గాలి సముద్రం మీంచి తిరిగిన గురువారం,
వరండా శుభ్రంగా ఉన్న పూట,
జోజి మెట్టు దిగాడు.
బోరింగుదాకా వెళ్ళాడు. ఆగాడు.
ఆట ఆపి అందరూ చూస్తున్నారని
వాడికి కోపమొచ్చింది.
ఈల గట్టిగా ఊది, "ఆడండర్రా!" అని
మొద్దు చుట్టూ తిరిగొచ్చాడు.

సాయంత్రం గేటు దగ్గర
వాళ్ళమ్మ పాదం తిప్పి చూసి
కొంగు తడిపింది.
వాడు కాలు లాక్కున్నాడు.
"తుడవకే అమ్మా, ఉండు,
ఇంకా టీచరు చూడలేదు."