అక్షరానికి పద్దెనిమిది

కోరంగి రేవు ఒడ్డున ఒక రాయి నిలబెడతారట.
బ్రెనోల్ కంపెనీ వాళ్ళు, పంచదార, ఓడల బీమా,
ఈమధ్య బిస్కెట్లు కూడా,
రెండు వందల ముప్పై ఏళ్ళ తర్వాత
పాత పెట్టెలు తెరిచి చూసుకుని
ఉలిక్కిపడ్డారట.
తాళ్ళరేవులో దస్తావేజులు రాసేవాణ్ణి గనక
తెలుగు మాట నన్ను రాయమన్నారు.

రాయి మూడడుగులు. మాటలు నలభై దాటకూడదు.
చెక్కే గంగులు అక్షరానికి పద్దెనిమిది అడిగాడు,
ఒత్తులకు వేరే.

నేను 'బానిసలు' అని రాస్తే
'శ్రామికులు' అయి తిరిగొచ్చింది.
'కొన్నాం' కాస్తా 'తరలించబడ్డారు'.
వాళ్ళ హైదరాబాదు ఆఫీసు కుర్రాడికి ఫోన్ చేశాను.
బాబూ, మా వైపు జనం చెట్టు మీంచి పడతారు,
జబ్బున పడతారు, అప్పుల్లో పడతారు.
తరలించ బడరు.
మన క్రియకి తోక ఉంటుంది,
అది పట్టుకు లాగితే ఎవడో ఒకడు బయటికొస్తాడు.
అవతల కాసేపు ఉత్త గాలి.
'మీ సూచన పరిశీలించబడుతుందండి' అన్నాడు.

లెక్కల పుస్తకం నకళ్ళు మాత్రం పంపారు, పాపం, దాచలేదు.
కరువు సంవత్సరం.
ఇంజరం గుడ్డ నలభై మూటలు, నీలిమందు పెట్టెలు పదకొండు,
వాటి కిందే, అదే దస్తూరీలో,
పోలి, ఆడ, తొమ్మిదేళ్ళు, కుడిచెంప మీద మచ్చ.
దానయ్య, మగ, పన్నెండు.
పేరు చెప్పనిది, ఆడ, చంకలో బిడ్డ, బిడ్డకు ధర లేదు.
పుల్లి, చిట్టి, అక్కచెల్లెళ్ళు,
తండ్రికి ముట్టినవి అడ్డెడు నూకలు.

అడ్డెడు.
మా ఇంట్లో ఆ కొలత గిన్నె ఇంకా ఉంది,
మా ఆవిడ అందులో బట్టల పిన్నులు వేస్తుంది.

ప్రతి పుట అడుగునా ఒక సంతకం.
సాక్షి వేమకోట నరసన్న వ్రాలు.
చివరి గీత కొంచెం ఎడమకి లాగి.
మా నాన్న అలాగే లాగేవాడు.
రిజిస్ట్రారు ఆఫీసులో నన్నూ అందుకే వెక్కిరిస్తారు.

తుఫాను షెల్టర్లో మీటింగు పెట్టారు.
కంపెనీ తరఫున వచ్చినావిడ మర్యాదస్తురాలు,
నీళ్ళ ప్లాంటు ఇస్తామంది, బడికి బల్లలిస్తామంది.
పినపోతు ఎర్రమ్మ లేచింది, చేతికి ఇంకా చేపల జిగురు.
'ప్లాంటు పెట్టండమ్మా, ఉప్పునీళ్ళు తాగలేక చస్తన్నాం.
ఆ పోలి అన్న పిల్ల, అక్కడికెళ్ళి ఏటయింది?'
ఆవిడ కాగితాలు తిరగేసింది, చాలాసేపు.
అక్కడ పేర్లు లేవు.
ఎక్కినవి నూట అరవై రెండు.
దిగినవి నూట పదిహేడు.
తేడాకి బీమా ముట్టింది.

వెనక బెంచీలోంచి ముసలి ఓడమేస్త్రి
ఎవర్నీ చూడకుండా అన్నాడు,
'ఓడ కట్టింది మాత్రం ఇక్కడే.'
ఫ్యాను తిరగడం వినబడింది.

ఆ రాత్రి గట్టు మీద నడిచాను.
పోటు మడ అడవిలోకి ఎక్కుతోంది.
బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్ళు
ఒక్కొక్కటే మునుగుతున్నాయి.
లెక్కపెట్టడం మొదలుపెట్టి
నలభై అయిదు దగ్గర ఆపేశాను.

చివరికి 'కొన్నాం' ఒప్పుకున్నారు.
'బానిసలు' కూడా.
క్షమించమని అడగలేదు, చింతిస్తున్నామన్నారు.
నేనూ గట్టిగా పోట్లాడలేదు,
ఎవరి తరఫున పోట్లాడాలో
ఆ పుటలు చూశాక తెలియలేదు.

ఇవాళ రాయి మీద అడుగున జానెడు ఖాళీ మిగిలింది.
కంపెనీ వాళ్ళు అక్కడ తామరపువ్వు చెక్కమన్నారు.
గంగులు ఉలి పట్టుకుని నా వైపు చూశాడు.
'పువ్వు వద్దు' అన్నాను.
'మరేం చెక్కను పంతులుగారూ, చెప్పండి,
పోటొచ్చే వేళయింది.'
సాక్షి, అన్నాను. చెక్కాడు.
తర్వాత?

'వే' అన్నాను.